చిన్నకారు ఇంజన్‌ను ఎంచుకుంటున్నది ఎవరు?

పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద వెలసిన కియా కర్మాగారం నుంచి 2020 సెప్టెంబరులో సోనెట్ అనే చిన్నకారు విపణిలోకి వచ్చింది. అనంతపురం జిల్లా కరవు నేలపై తయారైన ఆ కారు కొనదలచిన వారి ముందు సంస్థ పెద్ద జాబితానే పరిచింది. 1197 సీసీ పెట్రోలు ఇంజన్ ఒకటి, 998 సీసీ టర్బో పెట్రోలు ఇంజన్ ఒకటి, 1493 సీసీ డీజిల్ ఇంజన్ మరొకటి. వాటికి తోడు ఐదు గేర్ల మామూలు గేరుబాక్సు, ఆరు గేర్లది, క్లచ్ పెడల్ లేకుండా చేతితో గేరు మార్చుకునే ఐఎంటీ, రెండు క్లచ్‌ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. కారు పొడవు మాత్రం 3995 మిల్లీమీటర్లు. విందులో వడ్డించినట్లున్న ఈ వైవిధ్యం చూసి కొనుగోలుదారు మురిసిపోవడం సహజం. అయితే అందులోని అంకెలను ఒక్కసారి నిదానంగా చదివితే అసలు సంగతి బోధపడుతుంది. 1200కు మూడు తక్కువ, 1500కు ఏడు తక్కువ, నాలుగు మీటర్లకు అయిదు మిల్లీమీటర్లు తక్కువ! ఇవి కాకతాళీయంగా కుదిరిన కొలతలు కావు. ప్రభుత్వం గీసిన పన్ను గీతకు వెంట్రుకవాసి ఇవతల నిలిచేటట్లు లెక్కగట్టి మలచినవి.

ఇది ఏదో ఒక్క సంస్థ తెలివితేటలకు సంబంధించిన ముచ్చట కాదు. దేశంలో అమ్ముడవుతున్న చిన్నకార్లలో అత్యధికం ఇదే అచ్చులో పోసినవి. టాటా నెక్సాన్ పెట్రోలు ఇంజన్ 1199 సీసీ, డీజిల్ ఇంజన్ 1497 సీసీ. మారుతీ స్విఫ్ట్ ఇంజన్ 1197 సీసీ. కారు కొనేవాడు ఏ దారిలో నడుపుతాడు, నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతాడు, కుటుంబంలో ఎందరున్నారు, ఎడమ కాలికి క్లచ్ తొక్కే శక్తి ఉన్నదా లేదా అన్న ప్రశ్నలు ఈ కొలతలను నిర్ణయించలేదు. పన్ను పట్టిక నిర్ణయించింది. షోరూములో మధ్యతరగతి కొనుగోలుదారు చేస్తున్న ఎంపికలో సగానికి మించి అతడు అక్కడ అడుగు పెట్టకముందే ఢిల్లీలో జరిగిపోయింది. ఆ ఎంపిక తలకిందులైన ప్రతిసారీ నష్టం భరిస్తున్నది మాత్రం ఐదారేళ్ల బ్యాంకు వాయిదాలకు సంతకం చేసిన ఆ కుటుంబమే. ఆలోచించవలసిన అసలు విషయం ఇది.

ఒకప్పుడు ఎంపిక అన్న మాటకే తావు లేదు. 1983 డిసెంబరు 14న ప్రధాని ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి మారుతీ 800 తాళాలు అందజేసిన నాటికి చిన్నకారంటే ఒకే ఇంజన్, ఒకే గేరుబాక్సు. మూడు సిలిండర్ల 796 సీసీ పెట్రోలు ఇంజన్‌కు నాలుగు గేర్లు. అంతకు మించి అడిగే వారు లేరు, అడిగినా ఇచ్చే వారు లేరు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిల కోసం ఏళ్ల తరబడి నిరీక్షించిన జనానికి అదే మహాభాగ్యమైంది. 1993లో వచ్చిన జెన్ 993 సీసీ ఇంజన్‌తో కాస్త బలం పెంచింది. 1998లో హ్యుందాయ్ శాంత్రో, దేవూ మాటిజ్, టాటా ఇండికా ఒకదాని వెంట ఒకటి రంగప్రవేశం చేసిన తరువాతనే చిన్నకారు కొనుగోలుదారుకు పోల్చి చూసుకునే అవకాశం దక్కింది. వాటిలో ఇండికా తెచ్చిన మార్పు చెప్పుకోదగ్గది. 1405 సీసీ డీజిల్ ఇంజన్‌తో అది చిన్నకారును కిలోమీటరు ఖర్చు లెక్క చూసుకునే సామాన్యుడి చెంతకు, టాక్సీ నడుపుకొనే వాడి చెంతకు చేర్చింది. పెట్రోలా, డీజిలా అన్న చర్చ మధ్యతరగతి ఇళ్లలో మొదలైనది అప్పుడే.

ఆ చర్చ దిశను మార్చినది 2006-07 కేంద్ర బడ్జెట్టు. నాటి ఆర్థికమంత్రి చిదంబరం చిన్నకార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గిస్తూ, ఏది చిన్నకారు అన్నదానికి ఒక నిర్వచనం ఇచ్చారు. పొడవు నాలుగు మీటర్లు మించరాదు. పెట్రోలు ఇంజన్ అయితే 1200 సీసీ, డీజిల్ ఇంజన్ అయితే 1500 సీసీ దాటరాదు. భారత్‌ను చిన్నకార్ల తయారీకి ప్రపంచ కేంద్రంగా మలచాలన్నది నాటి సంకల్పం. అది చాలావరకు నెరవేరిందని ఒప్పుకోవలసిందే. చెన్నై, మనేసర్, సాణంద్, పుణె పరిసరాల్లో కర్మాగారాలు విస్తరించాయి; ఇక్కడ తయారైన చిన్నకార్లు అనేక దేశాలకు ఎగుమతి అయ్యాయి. ఇరుకు వీధుల నగరాలలో, నిలుపుకొనే జాగా కరవైన పేటలలో పొట్టి కారుకు ప్రోత్సాహమివ్వడం అవివేకమేమీ కాదు. కనుక ఆ గీత గీయడమే తప్పని అనడం న్యాయం కాదు.

అయితే కాలక్రమంలో గీత లక్ష్యాన్ని మింగేసింది. 2008లో విడుదలైన స్విఫ్ట్ డిజైర్ పొడవు నాలుగు మీటర్లు దాటింది. 2012లో వచ్చిన కొత్త డిజైర్‌ను వెనుక భాగం కత్తిరించి 3995 మిల్లీమీటర్లకు కుదించారు. కొనుగోలుదారు సామాను పెట్టె చిన్నదైంది. కారు పన్ను తగ్గింది. ఆ తరువాత దేశంలోని సంస్థలన్నీ అదే కత్తెర పట్టాయి. ఇంజన్ల విషయంలోనూ ఇదే తంతు. ఇతర దేశాలలో కొంచెం పెద్ద ఇంజన్‌తో అమ్మే నమూనాకు ఇక్కడ 1200 సీసీ ఇంజన్ తగిలించడం, లేదా మూడు సిలిండర్లకు టర్బో జోడించి తక్కువ సీసీలోనే ఎక్కువ బలం రాబట్టడం రివాజయింది. వీటిలో మంచి ఇంజనీరింగు లేకపోలేదు. కానీ ఆ నైపుణ్యమంతా వాడకందారు అవసరం చుట్టూ తిరగవలసింది పోయి పన్ను అధికారి కొలబద్ద చుట్టూ తిరిగింది.

గీతకు తోడు ఇంధన ధరల విధానం మరో వంకర తెచ్చిపెట్టింది. 2010 జూన్‌లో పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తివేసిన ప్రభుత్వం డీజిల్‌ను మాత్రం రాయితీ నీడలోనే ఉంచింది. రైతుకు, లారీకి, బస్సుకు ఉద్దేశించిన ఆ రాయితీని సొంత కార్ల యజమానులు కూడా పంచుకున్నారు. 2012 మే నెలాఖరుకు ఢిల్లీలో లీటరు పెట్రోలు 73 రూపాయలు దాటగా, డీజిల్ 41 రూపాయల దగ్గర ఉన్నది. ఫియట్ రూపకల్పన చేసిన 1248 సీసీ డీజిల్ ఇంజన్ అప్పట్లో మారుతీ, టాటా, ఫియట్ మూడు సంస్థల కార్లలోనూ కొలువుదీరింది. గిరాకీకి తగినన్ని ఇంజన్లు సొంతంగా తయారుచేసుకోలేక మారుతీ 2012 జనవరిలో ఏడాదికి లక్ష ఇంజన్లు కొనేందుకు ఫియట్‌తో ఒప్పందం కుదుర్చుకున్నది. డీజిల్ స్విఫ్ట్ కోసం జనం నెలల తరబడి వేచి ఉన్నారు. దేశంలో అమ్ముడైన ప్రయాణికుల కార్లలో దాదాపు సగం డీజిల్‌వే అయిన కాలమది.

ఆ గిరాకీ వెనుక ఎంత లెక్క ఉన్నదో, ఎంత భ్రమ ఉన్నదో పరిశీలించడం అవసరం. పెట్రోలు కారు లీటరుకు 15 కిలోమీటర్లు, డీజిల్ కారు 18 కిలోమీటర్లు ఇస్తాయనుకుంటే, 2012 నాటి ధరల ప్రకారం డీజిల్ వల్ల కిలోమీటరుకు సుమారు రెండు రూపాయల అరవై పైసలు మిగిలేవి. డీజిల్ కారుకు అదనంగా పెట్టిన లక్ష రూపాయలు తిరిగి రావాలంటే 38 వేల కిలోమీటర్లకు పైగా నడపాలి. రోజూ వంద కిలోమీటర్లు తిరిగే టాక్సీకి అది ఏడాదికి కాస్త పైబడిన మాట. ఆదివారం గుడికి, పండుగకు అత్తవారింటికి వెళ్లి నెలకు 300 కిలోమీటర్లు తిరిగే గుమాస్తాకు అది పదేళ్లకు పైబడిన మాట. ఈ చిన్న లెక్క చెప్పే బాధ్యత ఎవరూ తీసుకోలేదు. అమ్మేవారికి అమ్మకం కావాలి. ప్రభుత్వానికి రాబడి కావాలి. పక్కింటివారు డీజిల్ కొన్నారు గనుక తామూ కొన్నవారు కోకొల్లలు.

అటుపైన పరిస్థితి వేగంగా తిరగబడింది. 2013 జనవరి నుంచి డీజిల్ ధరను నెలనెలా కొద్ది కొద్దిగా పెంచుతూ వచ్చి 2014 అక్టోబరులో నియంత్రణను పూర్తిగా ఎత్తివేశారు. రెండు ఇంధనాల మధ్య అంతరం కరగిపోయింది. ఢిల్లీలో వాయుకాలుష్యం ప్రాణాంతకం కావడంతో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఆదేశాన్ని 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఖర్చు రాబట్టుకోవడానికి పదేళ్లు పట్టే బండికి ఆయుర్దాయమే పదేళ్లయింది! 2025లో సుప్రీంకోర్టే కొంత సడలింపు చూపినా, ఈలోగా రాజధాని ప్రాంతంలో ఎందరో తమ కార్లను వచ్చిన ధరకు వదిలించుకున్నారు. పసిపిల్లలు పీల్చే గాలిని కాపాడటం కోర్టుల విధి, దానిని తప్పుపట్టలేము. కానీ చవక డీజిల్ ఆశ చూపి జనాన్ని ఆ బండి ఎక్కించిన విధానకర్తలు, దించే వేళకు కనిపించకుండా పోవడం గమనార్హం.

2020 ఏప్రిల్ ఒకటి నుంచి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్-6 ప్రమాణాలు చిన్న డీజిల్ ఇంజన్ శకానికి దాదాపుగా తెరదించాయి. పొగలోని సూక్ష్మధూళిని పట్టే వడపోత, నత్రజని ఆక్సైడ్లను తగ్గించే పరికరాలు బిగిస్తే తప్ప ఆ ప్రమాణాలు అందుకోవడం సాధ్యం కాదు. ఆ ఖర్చు పెద్ద కారు ధరలో ఇమిడిపోతుంది గాని చిన్నకారుకు తలకు మించిన భారమవుతుంది. 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ కార్లు అమ్మబోమని మారుతీ సంస్థ ఏడాది ముందే ప్రకటించింది. ఫియట్ 1248 సీసీ ఇంజన్ అంతటితో కనుమరుగైంది. 2023 ఏప్రిల్‌లో రోడ్డుపై నడుపుతూ పొగను కొలిచే నిబంధన వచ్చాక హోండా వంటి సంస్థలు కూడా డీజిల్‌కు స్వస్తి చెప్పాయి. ఇలా నిలిచిపోయిన ఇంజన్లతో లక్షలాది కార్లు ఇప్పటికీ రోడ్లపై ఉన్నాయి. వాటికి ఇంజెక్టరు, టర్బో వంటి విడిభాగాలు ఎన్నేళ్లపాటు సంస్థలు అందించి తీరాలన్న విషయం కొనేవాడికి రాతపూర్వకంగా తెలియజేసే ఆనవాయితీ మాత్రం మనకు లేదు.

డీజిల్ ఖాళీ చేసిన చోటును సీఎన్‌జీ ఆక్రమిస్తున్నది. 2024-25లో దేశంలో అమ్ముడైన 43 లక్షల ప్రయాణికుల వాహనాలలో అయిదింట ఒక వంతు దాదాపుగా సీఎన్‌జీతో నడిచేవే. వ్యాగన్ఆర్ ఒక లీటరు ఇంజన్ పెట్రోలుతో లీటరుకు 24.35 కిలోమీటర్లు, సీఎన్‌జీతో కిలోకు 34.05 కిలోమీటర్లు ఇస్తుందని పరీక్షల లెక్క. పొదుపు విస్పష్టం. కాని దానికి చెల్లించే మూల్యం కూడా ఉన్నది. 2024 మేలో వచ్చిన కొత్త స్విఫ్ట్ ఇంజన్ పెట్రోలుతో 82 అశ్వశక్తి ఇస్తే, అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన సీఎన్‌జీ రకం 70 లోపే ఇస్తుంది. సామాను పెట్టెను సిలిండరు ఆక్రమిస్తుంది. అన్నిటికీ మించి ఆ సీఎన్‌జీ స్విఫ్ట్‌ను ఐదు గేర్ల మామూలు గేరుబాక్సుతో మాత్రమే విడుదల చేశారు. టాటా సంస్థ సామాను పెట్టె అడుగున రెండు చిన్న సిలిండర్లు అమర్చే పద్ధతిని 2023లో ఆల్ట్రోజ్‌తో చూపింది. 2024 ఆరంభంలో టియాగో, టిగోర్ సీఎన్‌జీ కార్లకు ఆటోమేటిక్ గేర్లు జోడించి అది సాధ్యమేనని నిరూపించింది. చేయగలిగినది చేయకపోవడానికి సాంకేతిక కారణం చెప్పే అవకాశం ఇక ఎవరికీ లేదు.

గేరుబాక్సు సంగతి చాలామంది విలాసంగా భావిస్తారు. అది పొరపాటు. హైదరాబాద్ పంజాగుట్ట కూడలిలోనో, విజయవాడ బెంజి సర్కిల్ వద్దనో సాయంకాలం రద్దీలో చిక్కుకున్నవారు గంటలో ఎన్ని వందల సార్లు క్లచ్ తొక్కుతారో వారి మోకాళ్లకు తెలుసు. వయసు మీరినవారికి, కీళ్లనొప్పులున్నవారికి, ఎడమ కాలు సహకరించని వికలాంగులకు ఆటోమేటిక్ గేర్లు సౌఖ్యం కాదు, స్వయంగా బయటకు వెళ్లగలిగే స్వేచ్ఛ. ఈ స్వేచ్ఛ ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితం. 2014 ఫిబ్రవరిలో మారుతీ సెలేరియోతో వచ్చిన ఏఎంటీ పద్ధతి దానిని సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. మామూలు గేరుబాక్సునే ఉంచి, క్లచ్ తొక్కే పనిని, గేరు మార్చే పనిని యంత్రానికి అప్పగించడమే ఇందులోని కిటుకు. అదనపు ధర అప్పట్లో సుమారు 40 వేల రూపాయలే. ఆటోమేటిక్ అంటే ఇంధనం తాగేస్తుందన్న పాత అపవాదు కూడా దీనితో తొలగింది. కొత్త స్విఫ్ట్ మామూలు గేర్లతో లీటరుకు 24.80 కిలోమీటర్లు, ఏఎంటీతో 25.75 కిలోమీటర్లు ఇస్తుందని పరీక్షలో తేలడం ఇందుకు నిదర్శనం.

అలాగని ఆటోమేటిక్‌లన్నీ ఒకటే అనుకుంటే కొనేవాడు మోసపోతాడు. ఏఎంటీలో గేరు మారేటప్పుడు క్షణకాలం తడబాటు ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు అలవాటు పడేదాకా జాగ్రత్త అవసరం. టార్క్ కన్వర్టర్‌లో ద్రవం ద్వారా శక్తి చక్రాలకు చేరుతుంది గనుక నడక మృదువుగా ఉంటుంది, ధర ఎక్కువ. సీవీటీలో విడి గేర్లు ఉండవు. రెండు కప్పీల మధ్య బెల్టు జారుతూ వేగాన్ని సర్దుతుంది. రెండు క్లచ్‌ల పద్ధతిలో ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకుంటాయి గనుక గేరు చిటికెలో మారుతుంది. కాని పొడి క్లచ్ రకానికి నత్తనడక రద్దీలో వేడెక్కే స్వభావం ఉన్నది. షోరూములో వీటన్నిటికీ ‘ఆటోమేటిక్’ అన్న ఒకే మాట వినిపిస్తుంది. పైగా ఏ ఇంజన్‌తో ఏ గేరుబాక్సు అన్నది కూడా వ్యాపార లెక్కే. సోనెట్ విడుదలైనప్పుడు అందరికన్నా చవకైన 1197 సీసీ ఇంజన్‌కు మామూలు గేర్లు తప్ప ఆటోమేటిక్ లేదు. ఆటోమేటిక్ కావాలన్నవారు టర్బోనో డీజిల్‌నో కొనవలసిందే. ఎడమ కాలు నొప్పి ఉన్నవాడు అవసరం లేని అశ్వశక్తికి కూడా డబ్బు చెల్లించాలన్నమాట!

ఇక సీసీ అన్న కొలతకే ఎంత విలువ మిగిలి ఉన్నదో సోనెట్ జాబితాయే చెబుతుంది. అందులో 1197 సీసీ ఇంజన్ 83 అశ్వశక్తి ఇస్తే, అంతకంటె చిన్నదైన 998 సీసీ టర్బో ఇంజన్ 120 అశ్వశక్తి ఇస్తుంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓలో ఒక 1197 సీసీ టర్బో ఇంజన్ బలం 130 అశ్వశక్తి. మరోవైపు మారుతీ బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే. దాని 1462 సీసీ ఇంజన్ బలం 103 అశ్వశక్తి మాత్రమే. అయినా 1200 గీత దాటింది గనుక అది పన్ను పట్టికలో చిన్నకారు కాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి అమలులోకి వచ్చిన జీఎస్టీ సవరణ ఈ వ్యత్యాసాన్ని మరింత పెంచింది. అంతకు ముందు చిన్న పెట్రోలు కారుపై 28 శాతం జీఎస్టీ, ఒక శాతం సెస్సు. గీత దాటిన బ్రెజా వంటి కారుపై 28 శాతానికి తోడు 17 శాతం సెస్సు ఉండేవి. ఇప్పుడు గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. పన్ను కలపక ముందు ఏడు లక్షల రూపాయలు పలికే కారుపై ఈ తేడా లక్షా 54 వేల రూపాయలు. బలం, ఇంధన వినియోగం, పొగ వీటిలో దేనినీ నేరుగా కొలవని ఒక అంకె మీద ఇంత పెద్ద భారం మోపడం ఏ హేతువుకు నిలుస్తుంది?

పన్ను తగ్గింపు చిన్నకారు కొనేవారికి ఊరట అనడంలో సందేహం లేదు. కాని దాని నీడలో మరుగున పడినవారూ ఉన్నారు. కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవారికి కారు కొనుగోలుపై 28 శాతం బదులు 18 శాతం జీఎస్టీ వసూలు చేసే రాయితీ ఉండేది. దానికీ ఇవే కొలతలు: నాలుగు మీటర్లు, 1200, 1500 సీసీలు. ఇప్పుడు ఆ కొలతల లోపలి కార్లకు అందరికీ 18 శాతమే గనుక వారికి దక్కిన ప్రత్యేక ఊరట ఆవిరైంది. ఆటోమేటిక్ గేర్ల అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది వీరికే; వాటికి అదనపు ధర చెల్లించవలసిందీ వీరే. జీఎస్టీ మండలి ఈ సంగతి మరచినదో, పట్టించుకోలేదో తెలియదు గాని సరిదిద్దడం పెద్ద పనేమీ కాదు.

కొనేవాడికి అందే సమాచారం కూడా అరకొరే. కారు అద్దానికి అంటించిన మైలేజీ అంకె ప్రయోగశాలలో, ఏసీ ఆపి, నిర్ణీత వేగాల క్రమంలో నడిపినప్పుడు వచ్చినది. మే నెల ఎండలో ఏసీ వేసుకొని అడుగడుగునా ఆగుతూ నడిపే కారు ఆ దరిదాపులకు చేరదు. దీనికి తోడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యాన్ని ప్రభుత్వం 2025లోనే సాధించింది. 2023 ఏప్రిల్ నుంచి తయారవుతున్న కార్ల భాగాలు ఆ మిశ్రమాన్ని తట్టుకునేవే. అంతకుముందు కొన్నవారి సంగతేమిటి? పది శాతం ఇథనాల్‌కు సర్దిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చునని నీతి ఆయోగ్ 2021 నాటి ప్రణాళికా నివేదికే పేర్కొన్నది. ఇథనాల్ కలపని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలన్న వ్యాజ్యాన్ని 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. చెరకు, మొక్కజొన్న రైతుకు మేలు, చమురు దిగుమతుల బిల్లు తగ్గడం దేశానికి అవసరమే. అయితే ఆ అవసరానికి పాత కారు యజమాని చెల్లిస్తున్న మూల్యాన్ని దాచిపెట్టకుండా ఒప్పుకోవడం ప్రభుత్వ మర్యాద.

ఇప్పుడు మరో గీత సిద్ధమవుతున్నది. సంస్థలు అమ్మే కార్లన్నిటి సగటు ఇంధన వినియోగంపై 2027 నుంచి విధించదలచిన మూడో దశ నిబంధనల ముసాయిదాను 2025 సెప్టెంబరులో ఇంధన సామర్థ్య మండలి వెలువరించింది. 909 కిలోల లోపు బరువు, 1200 సీసీ లోపు ఇంజన్, నాలుగు మీటర్ల లోపు పొడవు ఉన్న పెట్రోలు కార్లకు అందులో అదనపు వెసులుబాటు ప్రతిపాదించారు. తేలికపాటి కార్లు ఎక్కువగా అమ్మే సంస్థ దానిని కోరితే, బరువైన కార్లు అమ్మే సంస్థలు వ్యతిరేకించాయి. వాదప్రతివాదాలన్నీ సంస్థల నడుమనే సాగాయి. ఈ గీత వల్ల రేపు ఏ ఇంజన్ మిగులుతుంది, ఏ గేరుబాక్సు మాయమవుతుంది, బరువు తగ్గించే తొందరలో భద్రతకు ఏమవుతుంది అని కొనేవాడి పక్షాన అడిగిన గొంతు వినిపించలేదు.

బయటి అనుభవం నుంచి నేర్చుకోవలసినదీ ఉన్నది. బ్రిటన్ 2001లో వార్షిక వాహన పన్నును కార్బన్ డయాక్సైడ్ విడుదలకు ముడిపెట్టింది. డీజిల్ కార్లు కార్బన్ తక్కువ విడుదల చేస్తాయి గనుక అక్కడి జనం డీజిల్ వైపు మళ్లారు. కొన్నేళ్లకు నగరాల గాలిలో నత్రజని ఆక్సైడ్లు పెరిగి, ప్రభుత్వం నాలుక కరచుకోవలసి వచ్చింది. ఏదో ఒక్క కొలతను పట్టుకు వేలాడితే ఎంత మంచి ఉద్దేశమైనా వంకర పోతుందన్నదే ఇందులోని గుణపాఠం. మనకున్న కొలత కార్బన్‌ను గాని, విషవాయువులను గాని కొలిచేది కూడా కాదు. సిలిండరు కైవారాన్ని, బంపరు పొడవును కొలిచేది.

కనుక ప్రభుత్వం చేయవలసిన పనులు స్పష్టంగానే ఉన్నాయి. పొడవు, సీసీల గీత నుంచి క్రమంగా వైదొలగి, కారు నిజంగా తాగే ఇంధనాన్ని, విడిచే విషవాయువులను కలిపి లెక్కించే పన్నుకు మారాలి. ఆ మార్పు ఎప్పుడు, ఎలా వస్తుందో కనీసం ఐదేళ్ల ముందు ప్రకటించాలి. కారు రుణం గడువు కంటె విధానం గడువు తక్కువ కారాదు. ఆటోమేటిక్ గేర్ల అవసరం ఉన్న వికలాంగులకు పాత రాయితీకి సమానమైన ఊరట తిరిగి ఇవ్వాలి. ప్రతి షోరూములో ప్రతి ఇంజన్‌కూ నగర రద్దీలో, ఏసీతో, 20 శాతం ఇథనాల్ పెట్రోలుతో వచ్చే మైలేజీని ప్రాంతీయ భాషలో ప్రదర్శించడం తప్పనిసరి చేయాలి. నిలిపివేసిన ఇంజన్‌కు విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయో అమ్మకపు పత్రంలోనే రాసి ఇవ్వాలి. సంస్థలు కూడా చవక రకాలలో, సీఎన్‌జీ కార్లలో ఆటోమేటిక్ గేర్లు అందించడాన్ని దయాధర్మంగా కాక బాధ్యతగా పరిగణించాలి.

కొనేవారికీ కొంత వివేకం అవసరం. నెలకెన్ని కిలోమీటర్లు, ఏ దారులు, ఎన్నేళ్లు అన్న మూడు ప్రశ్నలకు ఇంటిల్లిపాదీ కూర్చొని జవాబు రాసుకున్నాకే షోరూము గడప తొక్కాలి. రోజూ దూరప్రయాణాలు చేసేవాడికి డీజిల్ ఇప్పటికీ అక్కరకు రావచ్చు. గ్యాసు బంకు దగ్గరలో ఉన్నవాడికి సీఎన్‌జీ లాభసాటి కావచ్చు. నగరం దాటని పెద్దవయసు దంపతులకు చిన్న పెట్రోలు ఇంజన్, ఏఎంటీ గేర్లు చాలు. పక్కింటివారి కారు ఎవరికీ కొలమానం కారాదు.

ఈ దేశంలో సగటు కుటుంబానికి ఇల్లు తరువాత అంత పెద్ద కొనుగోలు కారే. దానికి వెచ్చించేది ఎన్నో ఏళ్ల కష్టార్జితం. 1983లో ఎంపిక లేక సర్దుకున్న కొనుగోలుదారు ఇవాళ డజను ఎంపికల నడుమ నిలబడి కూడా పన్ను పట్టిక చెప్పిన ఇంజన్‌నే ఇంటికి తీసుకువెళ్తున్నాడు. పట్టిక మారిన రోజున దాని భారం మోసేదీ అతడే. కొలబద్దను సరిచేయవలసిన వారు దానిని సరిచేయనంత కాలం జాబితాలో ఎన్ని ఇంజన్లున్నా, ఎన్ని గేర్లున్నా స్టీరింగ్ మాత్రమే కొనుగోలుదారు చేతిలో ఉంటుంది. దారి మరెవరో నిర్ణయిస్తుంటారు.